టాప్ తీస్తే బేస్ ఎక్కడికి పోతుంది? చిన్న కన్వర్టిబుల్‌లో సబ్‌వూఫర్ కథ

ఈరోజు ఎపిసోడ్‌లో మీకు చూపించేది నా సొంత కారు. 2001 మోడల్ మాజ్డా మియాటా. రెండే రెండు సీట్లు, పైన గుడ్డ టాప్, వెనక ఒక సూట్‌కేసు, ఒక బ్యాగు పెడితే నిండిపోయే డిక్కీ. ఇక్కడ డల్లాస్‌లో సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. ఇంత చిన్న కారేంట్రా, లోపల కూర్చుంటావా, ఒంటికి తొడుక్కుంటావా అని ఫ్రెండ్స్ ఇప్పటికీ ఏడిపిస్తారు.

కొన్న నెలలోపే ఒక ఆడియో షాపుకి వెళ్ళి డిక్కీలో 10 అంగుళాల సబ్‌వూఫర్ బాక్స్ పెట్టించాను. దానికో యాంప్లిఫయర్, మీద పెద్ద అక్షరాలతో 1000 వాట్స్ అని రాసి ఉంది. మొత్తం కలిపి 600 డాలర్లు దాటింది. షాపు ముందు టాప్ వేసి ఉంచి పాట పెట్టారు. అబ్బో, వెనక అద్దం అదిరింది. సరే అని డబ్బు కట్టేసి, టాప్ తీసి, హైవే ఎక్కాను. గంటకి 65 మైళ్ళ స్పీడ్ వచ్చేసరికి బేస్ మాయం. మిగిలింది ‘టిస్, టిస్, టిస్’. అంతే.

ఏం చేస్తాం? అందరం చేసేదే చేశాను. వాల్యూమ్ పెంచాను. ఇంకా పెంచాను. నలభై నిమిషాల డ్రైవ్. ఇంటికొచ్చి కారు ఆపాక చెవుల్లో ‘కీ’ అని ఒకటే మోత. పడుకున్నా పోలేదు. మర్నాడు మధ్యాహ్నం మీటింగ్‌లో కూర్చున్నా ఇంకా సన్నగా వినిపిస్తూనే ఉంది. నిజం చెప్పాలంటే భయమేసింది. నేను పాటలు వినకుండా ఉండలేను, అలాంటివాడిని చెవులే పోగొట్టుకుంటే ఎట్లా? అందుకని ఆ రోజే ఒక రూల్ పెట్టుకున్నా. బేస్ పెరగాలి, కానీ వాల్యూమ్ పెరగకూడదు. ఈ వీడియో మొత్తం ఆ రూల్ మీదే నడుస్తుంది.

దారి చూపించింది ఎవరో తెలుసా? మా మేనమామ. వరంగల్ దగ్గర చాలా ఏళ్ళు మైక్ సెట్, డీజే నడిపాడు. పెళ్ళిళ్ళు, బతుకమ్మ, వినాయక నిమజ్జనం, ఏదైనా మా మామ బాక్సులు ఉండాల్సిందే. వీడియో కాల్‌లో కారు చూపించి గోడు వెళ్ళబోసుకున్నా.

“బాక్సు ఏడ పెట్టినవ్‌రా అల్లుడా?”

“డిక్కీలో మామా.”

“దానికి మూత ఉంటదా?”

“ఉంటది కదా మామా, డిక్కీ కదా.”

“గట్లనే ఉంటది మరి. పైసలు నువ్వు కట్టినవ్, ఎనక బండోడు పాట ఇంటాండు.”

నవ్వాను గానీ, తర్వాత ఆలోచిస్తే అందులో ఫిజిక్స్ అంతా ఉంది. మియాటాలో డిక్కీకి, మనం కూర్చునే చోటుకి మధ్య ఇనప గోడ ఉంటుంది. మామూలు హ్యాచ్‌బ్యాక్‌లో అయితే డిక్కీ, క్యాబిన్ ఒకే గది కాబట్టి వెనక బాక్స్ కొడితే ముందుకి వస్తుంది. సెడాన్‌లో కూడా వెనక సీటు సందుల్లోంచి వస్తుంది. మన కారులో సీట్ల వెనక రేకు, ఆ రేకు వెనక పెట్రోల్ ట్యాంక్, ఆ తర్వాత డిక్కీ. ఇంక సౌండ్ ఎటు నుంచి వస్తుంది చెప్పండి?

ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి, ఇది సీరియస్. ఈ గోడ సంగతి తెలిసిన కొంతమంది, దానికి రంధ్రం పెట్టేస్తే సరి అనుకుంటారు. మియాటాలో సీట్ల వెనక ఎక్కడా డ్రిల్ పెట్టకండి. అటువైపు ఉన్నది పెట్రోల్. వైర్ లాగాలంటే కంపెనీవాళ్ళు ముందే వదిలిన రబ్బరు గ్రోమెట్లు ఉంటాయి, వాటిలోంచే లాగండి.

సరే, గోడ ఒక సమస్య. రెండోది ఇంకా పెద్దది. అది టాప్.

మూసి ఉన్న కారు బేస్‌కి సొంతంగా సాయం చేస్తుంది. ఎట్లా అంటే, 50 హెర్ట్జ్ సౌండ్ అల పొడవు దాదాపు 7 మీటర్లు. అంత పొడవైన అల ఈ చిన్న క్యాబిన్‌లో పట్టదు. అందుకని అది అలలాగా తిరగదు, సైకిల్ పంపు లోపలి గాలిలాగా మొత్తం క్యాబిన్‌ని ఒకేసారి నొక్కుతుంది, వదులుతుంది. క్యాబిన్ పొడవు ఒకటిన్నర మీటర్ అనుకుంటే సుమారు 110 హెర్ట్జ్ నుంచి కిందకి పోయేకొద్దీ ఈ సాయం పెరుగుతూ ఉంటుంది. గాలి బయటికి పోని డబ్బా అయితే థియరీలో ఒక్కో ఆక్టేవ్‌కి 12 డెసిబెల్స్ దాకా. గుడ్డ టాప్‌కి సందులుంటాయి కాబట్టి మనకి అంత రాదు, కానీ బాగానే వస్తుంది. దీన్నే క్యాబిన్ గెయిన్ అంటారు.

టాప్ తీయగానే పంపుకి మూత ఊడిపోయినట్టు. నొక్కడానికి గదే లేదు. గాలి ఆకాశంలోకి పోతుంది.

మన బరాత్‌లు గుర్తు తెచ్చుకోండి. ఇంట్లో చిన్న హోమ్ థియేటర్ సబ్‌వూఫర్ పెడితేనే పక్కింటివాళ్ళు గోడ కొడతారు. అదే రోడ్డు మీద బరాత్‌కి బండి నిండా బాక్సులు ఎందుకు కడతారు? ఆరుబయట గోడలు లేవు కాబట్టి. టాప్ తీసిన కన్వర్టిబుల్ అంటే చక్రాల మీద ఉన్న ఆరుబయలు. ఇండియాలో థార్ సాఫ్ట్ టాప్ ఉన్నవాళ్ళకీ ఇదే కథ.

మూడోది రోడ్డు మోత. టైర్ల మోత, గాలి మోత, వీటిలో ఎక్కువ బలం ఉండేది కింది ఫ్రీక్వెన్సీల్లోనే. అంటే మన బేస్ ఉండే చోటే. పైగా మన చెవికి కింది ఫ్రీక్వెన్సీలు మామూలుగానే తక్కువగా వినిపిస్తాయి. అసలే మెల్లగా మాట్లాడేవాడిని తీసుకెళ్ళి సంతలో నిలబెట్టినట్టు అన్నమాట.

ఇప్పుడు చాలామంది, వాట్స్ పెంచుదాం అంటారు. లెక్క చూడండి. వాట్స్ రెట్టింపు చేస్తే వచ్చేది 3 డెసిబెల్స్. చెవికి సౌండ్ రెట్టింపు అయినట్టు అనిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ కావాలి. అంటే పది రెట్లు వాట్స్! ఇంకో సంగతి, నా యాంప్ మీద 1000 అని ఉంది కదా, దాని ఫ్యూజ్ చూస్తే 25 ఆంప్స్. ఇంజన్ నడుస్తున్నప్పుడు కారు వోల్టేజ్ సుమారు 14. 25 ఇంటూ 14, 350. లోపలికి వెళ్ళేదే 350 వాట్స్ అయితే బయటికి 1000 ఎట్లా వస్తుంది? క్లాస్ డీ యాంప్, 80 శాతం పనిచేస్తుందనుకున్నా 280. మీరు కూడా డబ్బా మీద నంబర్ చూడకండి, ఫ్యూజ్ చూసి గుణించండి. షాపులోనే, డబ్బు కట్టకముందే.

మరి వాట్స్ కాకపోతే ఏంటి? దూరం. ఆరుబయట దూరం సగానికి తగ్గిస్తే 6 డెసిబెల్స్ వస్తాయి. 6 డెసిబెల్స్ అంటే వాట్స్ నాలుగు రెట్లు చేసినట్టు. ఒక్క రూపాయి ఖర్చు లేకుండా. మన ఆటో అన్నలకి ఈ సంగతి ఎప్పుడో తెలుసు. ఆటోకి రెండు పక్కలా తలుపులు లేవు, అయినా వెనక సీట్లో కూర్చుంటే వీపు అదురుతుంది. ఎందుకంటే బాక్స్ ఉన్నది మన వీపు వెనకే.

అందుకని డిక్కీలోంచి ఆ 10 అంగుళాల బాక్స్ తీసేశాను. అమ్మితే సగం డబ్బే వచ్చింది, అది వేరే బాధ. దాని బదులు 8 అంగుళాల, లోతు తక్కువ ఉండే స్లిమ్ సబ్‌వూఫర్ తీసుకుని, పక్క సీటు ముందు కాళ్ళు పెట్టుకునే చోట, అదిగో ఆ లోపలి మూలకి, ఏటవాలుగా చిన్న బాక్స్ చేసి పెట్టాను. పోర్ట్ లేని సీల్డ్ బాక్స్. లోపల 9 లీటర్లు. ఆ మూలలో కింద ఫ్లోర్, ముందు ఇంజన్ వైపు గోడ, పక్కన గేర్ టన్నెల్ ఉన్నాయి. మూడు వైపులా గోడలు కాబట్టి సౌండ్ అంతా ఒకవైపుకే, మనవైపుకే తోస్తుంది. టాప్ ఉన్నా లేకపోయినా ఈ మూల మాత్రం ఎక్కడికీ పోదు. అదీ దీని గొప్పతనం.

సీటు కింద పెట్టొచ్చు కదా అంటారు. మియాటాలో సీటు దాదాపు నేలకే ఆనుకుని ఉంటుంది, చెయ్యి పెట్టడమే కష్టం. సీట్ల వెనక షెల్ఫ్ మీద పెడితే టాప్ మడిచినప్పుడు తగులుతుంది.

పోర్ట్ ఉన్న బాక్స్ అయితే టాప్ తీసినప్పుడు ఇంకొంచెం ఎక్కువ కొడుతుంది, అది నిజమే. కానీ సైజు పెద్దది అవుతుంది, అప్పుడు మా ఆవిడ కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలి? ఇప్పటికే “పాటల కోసం నా మోకాళ్ళు కోసేశారు” అంటోంది. సర్దుకోవాల్సిందే. మీ పక్క సీట్లో కూర్చునే మనిషిని ముందే అడగండి, తర్వాత అడిగితే గొడవే.

బాక్స్ విషయంలో రెండు జాగ్రత్తలు. ఒకటి, బోల్టులతో గట్టిగా బిగించాలి. వెల్‌క్రో, టేప్ లాంటివి వద్దు. యాక్సిడెంట్‌లో ఊడిన బాక్స్ ఎదుటి మనిషి కాళ్ళ మీదే పడుతుంది. రెండు, ఇది కన్వర్టిబుల్, ఎప్పుడో ఒకప్పుడు వాన నీళ్ళు లోపలికి వస్తాయి. ఎండీఎఫ్ చెక్క తడిస్తే అప్పడంలా ఉబ్బుతుంది. అందుకే నేను మెరైన్ ప్లైవుడ్ వాడాను, మీద రెజిన్ పూశాను. టాప్ వెనక చివర్లలో నీళ్ళు కిందికి పోయే డ్రెయిన్లు ఉంటాయి. ఆకులు, మట్టి పట్టి అవి మూసుకుపోతే నీళ్ళు కారు లోపలికే వస్తాయి. సబ్‌వూఫర్ పెట్టే ముందు అవి శుభ్రం చేసుకోండి.

యాంప్ మాత్రం డిక్కీలోనే ఉంచాను. ఈ మోడల్‌లో బ్యాటరీ కూడా డిక్కీలోనే కుడి పక్కన ఉంటుంది కాబట్టి పవర్ వైర్ మూరెడు చాలు. ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గరగా ఉండాలి, యాంప్ దగ్గర కాదు. మధ్యలో వైర్ ఎక్కడైనా రాసుకుని బాడీకి తగిలితే, కాలిపోకుండా ఆపేది ఆ ఫ్యూజ్ ఒక్కటే. గ్రౌండ్ వైర్ కింద పెయింట్ గీకి ఇనుము కనపడాలి. పెయింట్ మీద బిగిస్తే కరెంట్ పోదు.

ఇప్పుడు అసలు కామెడీ చెప్తా. ఇదంతా చేశాక బేస్ పెరిగింది గానీ నేను అనుకున్నంత కాదు. ఎక్కడో ఏదో తేడా. ఒకరోజు సిగ్నల్ దగ్గర ఊరికే బ్యాలెన్స్ నాబ్ పూర్తిగా ఎడమ పక్కకి తిప్పాను. ఒక స్పీకర్ ఆగిపోతే బేస్ తగ్గాలి కదా? పెరిగింది! కుడికి తిప్పా, మళ్ళీ పెరిగింది. మధ్యలో పెడితే తగ్గిపోతోంది.

అర్థమైందా? రెండు డోర్ స్పీకర్లలో ఒకదానికి ప్లస్, మైనస్ తిరగేసి కలిపారు. ఒకటి ముందుకి తోస్తుంటే ఇంకోటి వెనక్కి లాగుతోంది. పాటల్లో బేస్ ఎక్కువగా రెండు వైపులా ఒకేలా ఉంటుంది కాబట్టి ఒకదాన్ని ఒకటి కొట్టేసుకుంటున్నాయి. కొన్నప్పటి నుంచీ అట్లాగే ఉందేమో, షాపులో కూడా ఎవరూ చూడలేదు. డోర్ ప్యానెల్ విప్పి, స్పీకర్ వైర్లు పూర్తిగా ఊడదీసి, ఒకటిన్నర వోల్ట్ పెన్సిల్ బ్యాటరీ క్షణం సేపు తాకించాను. ప్లస్‌కి ప్లస్ తాకిస్తే కోన్ బయటికి రావాలి. తర్వాత కారు వైర్లు చూస్తే కుడి డోర్‌లో తిరగబడి ఉన్నాయి. మార్చి పెట్టాను. ఖర్చు సున్నా. మొత్తం ప్రాజెక్ట్‌లో ఎక్కువ తేడా తెచ్చిన పనుల్లో ఇదొకటి, ఒట్టు.

మీరు కూడా ఈరోజే మీ కారులో, ఏ కారైనా సరే, ఈ బ్యాలెన్స్ టెస్ట్ చేయండి. పక్కకి తిప్పితే బేస్ పెరిగిందా, వైరింగ్ తేడా ఉంది.

ఇదే సంగతి సబ్‌వూఫర్‌కీ డోర్లకీ మధ్య కూడా జరుగుతుంది. ఫోన్‌లో టోన్ జనరేటర్ యాప్ వేసుకుని 80 హెర్ట్జ్ పెట్టండి. యాంప్ మీద ఫేజ్ స్విచ్ ఉంటుంది, 0, 180 అని. డ్రైవర్ సీట్లో కూర్చుని, ఇంకెవరినైనా స్విచ్ మార్చమనండి. ఎందులో ఎక్కువ వినిపిస్తే అదే కరెక్ట్. పుస్తకంలో ఏముందో అనవసరం. ఇంకో ఫోన్‌లో సౌండ్ మీటర్ యాప్ పెట్టి కూడా చూడొచ్చు, కానీ ఫోన్ మైక్ కింది ఫ్రీక్వెన్సీలని సరిగా పట్టదు. ముందు ఎంత, తర్వాత ఎంత అని పోల్చడానికి పనికొస్తుంది, అసలు నంబర్‌ని మాత్రం నమ్మకండి.

డోర్ విప్పాను కదా అని ఇంకో పని కూడా చేశాను. లోపలి రేకుకి పెద్ద పెద్ద కంతలు ఉంటాయి. స్పీకర్ వెనక సౌండ్ ఆ కంతల్లోంచి బయటికి వచ్చి ముందు సౌండ్‌ని కొట్టేస్తుంది. బ్యూటైల్ షీట్ అని అల్యూమినియం పూత ఉన్న జిగురు పలక దొరుకుతుంది, దాంతో కంతలు మూసేశాను. డోర్ అడుగున ఉండే నీళ్ళ రంధ్రాలు మాత్రం మూయకండి, తుప్పు పడుతుంది.

ఇక సెట్టింగ్. డోర్ స్పీకర్లకి 100 హెర్ట్జ్ కింద కట్ చేశాను, దాంతో అవి రొప్పకుండా పాడుతున్నాయి. సబ్‌వూఫర్‌కి పైన 100 దగ్గర కట్. కింద 35 దగ్గర సబ్‌సానిక్ ఫిల్టర్ పెట్టాను. చాలామందికి ఇది నచ్చదు, 30 హెర్ట్జ్ గుడగుడ కావాలంటారు. హైవే మీద టాప్ తీసి 30 హెర్ట్జ్ వినాలనుకోవడం దండగ, రోడ్డు మోత మింగేస్తుంది. 8 అంగుళాల కోన్ దాని కోసం ఊగి ఊగి అలిసిపోవడం తప్ప లాభం లేదు. బేస్ గిటార్ అన్నిటికంటే కింది తీగె 41 హెర్ట్జ్. డప్పు దెబ్బ దానికి చాలా పైనే ఉంటుంది. 50 నుంచి 90 మధ్య గట్టిగా, శుభ్రంగా వస్తే చాలు, గుండెకి తగిలేది అదే.

ఈక్వలైజర్‌లో రెండు ప్రీసెట్లు సేవ్ చేసుకున్నాను. టాప్ ఉంటే ఒకటి, లేకపోతే ఒకటి. లేనిదాంట్లో 60 చుట్టుపక్కల 4 డెసిబెల్స్ పెంచాను, అంతే. 6 పెంచితే యాంప్ నాలుగు రెట్లు కష్టపడాలి, మన దగ్గర అంత లేదు. గెయిన్ నాబ్ కూడా వాల్యూమ్ కాదు ఫ్రెండ్స్. దాన్ని చివరిదాకా తిప్పితే బేస్ పెరగదు, సౌండ్ చిరుగుతుంది, కాయిల్ కాలుతుంది.

అన్నిటికంటే చవకైంది చివర్లో చెప్తున్నా. టాప్ తీసినా పక్క అద్దాలు ఎత్తే ఉంచండి. సీట్ల వెనక విండ్ డిఫ్లెక్టర్ నిలబెట్టండి. చూడ్డానికి స్టైల్ తగ్గుతుందని నేనూ మొదట్లో చెయ్యలేదు. కానీ గాలి మోత తగ్గితే, ఉన్న బేసే పైకి తేలుతుంది.

ఇప్పుడు అదే హైవే, అదే 65 మైళ్ళు. వాల్యూమ్ ఇదివరకు 34 మీద పెట్టేవాడిని, ఇప్పుడు 22. బేస్ తొడలకి, సీటుకి తగులుతోంది. టాప్ వేసినంత ఉందా అంటే లేదు. ఉండదు కూడా, ఎవరైనా ఉంటుందని చెప్తే అబద్ధం. చెవుల సంగతికొస్తే, అమెరికాలో పనిచేసే చోట సౌండ్ గురించి నియోష్ వాళ్ళ లెక్క ఒకటుంది. 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు, ఆపైన ప్రతి 3 డెసిబెల్స్‌కి టైమ్ సగం అవుతుంది. 94 అయితే గంట, 100 అయితే 15 నిమిషాలే. గాలి మోత, పాట రెండూ కలిపే లెక్క. నా నలభై నిమిషాలు ఎక్కడ పడ్డాయో మీరే చూసుకోండి. ఆ ‘కీ’ మోత మళ్ళీ రాలేదు, దేవుడి దయ.

మొన్న మామకి వీడియో కాల్ చేసి, విను మామా అని పాట పెట్టాను. కాసేపు విని, “ఏమొస్తలేదుర అల్లుడా, బాక్సు మళ్ళ డిక్కీల పెట్టినవా?” అన్నాడు. తప్పు మామది కాదు, ఫోన్ స్పీకర్‌లో 50 హెర్ట్జ్ రాదు. కాబట్టి ఇప్పుడు నేను ప్లే చేసేది మీరు కూడా ఫోన్ స్పీకర్‌లో వినకండి. ఇయర్‌ఫోన్స్ పెట్టుకోండి, వాల్యూమ్ సగం కంటే కింద ఉంచండి. ఒకే పాట, ఒకే వాల్యూమ్, టాప్ తీసి రికార్డ్ చేశాను. ముందు వచ్చేది డిక్కీలో ఉన్న పాత బాక్స్, రెండోది కాళ్ళ దగ్గరున్న కొత్తది. రెడీనా? పెడుతున్నా.